సగము చెప్పిన సాక్ష్యము

ధ్యాన భాగములు: 2 రాజులు 20:1–11, యెషయా 38, 2 దినవృత్తాంతములు 32:24, 2 తిమోతి 4:9–20



పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలోని కడపటి అధ్యాయమును మనము సాధారణముగా విశ్వాస పోరాటమును గూర్చియు కిరీటమును గూర్చియు చదివి, అక్కడితో గ్రంథము మూసివేయుదుము. ఆ తరువాత నున్న మాటలు ఇంటి సామాను పట్టీవలె కనబడును. చలికాలము రాకముందు రమ్మనుచున్నాడు. త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీ కావలెను, పుస్తకములు కావలెను. లూకా ఒక్కడే తన దగ్గర నున్నాడు. ఆ లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికవలన మనకు తెలియును. త్రోఫిము జబ్బుపడియుండగా అతనిని మిలేతులో విడిచి వచ్చినాడట. వైద్యుడు, పుస్తకములు, బాగుపడని రోగి, ఈ మూడును ఒకే అధ్యాయములో నున్నవి.

ఈ మూడింటిలో కడపటిది నన్ను కొన్ని సంవత్సరములుగా విడువక వెంటాడుచున్నది. పౌలు దేహమును తాకిన గుడ్డలవలన ఎఫెసులో రోగులు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చెప్పును. అట్టి పౌలు, తన తోటి పనివాడు తన ప్రార్థనవలన లేచి నడువలేదని, రోగిగానే వెనుక నిలిచెనని, దాచకుండ వ్రాసెను. నేనైతే ఆ వాక్యమును వ్రాయకపోదును. వ్రాయకపోదునని ఊరకనే అనుట లేదు; నేను చేసిన పనిని బట్టి అనుచున్నాను.

2022 ఏప్రిల్ నెలలో, మా ప్రక్క తునికాకు కోతకు జనులందరు తెల్లవారకముందే అడవికి పోవు దినములలో, నాకు మూడు వారములుగా విడువని దగ్గు పట్టెను. సాయంకాలము సన్నని జ్వరము, రాత్రి చెమటలు. వేసవి గదా అనుకొంటిని. నా భార్య ఊరుకొనలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో తెమడ పరీక్ష చేసి క్షయ యని చెప్పిరి. ఆరు మాసములు మందు వాడవలెను, ఒక్క దినమైనను తప్పరాదు అనిరి.

క్షయ యను మాట మా గూడెములలో ఇంకను శాపమువలెనే వినబడును. ఆడపిల్ల గల ఇంట ఆ మాట పుట్టినచో సంబంధము తప్పిపోవును. సంఘ కాపరి విషయము చెప్పనక్కరలేదు. కాపరి చేతినుండి రొట్టె, పాత్ర పుచ్చుకొందురు. పుట్టిన బిడ్డను మొదట కాపరి చేతికిత్తురు. కాబట్టి నేను గొంతు నొప్పి యని చెప్పి, కొన్ని ఆదివారములు ఆరాధన సంఘ పెద్దలకు అప్పగించితిని. మందు మొదలుపెట్టిన కొన్ని వారములకు, ఇతరులకు అంటు భయము చాలవరకు తగ్గునని వైద్యుడు చెప్పెను. అంతవరకు దూరముగా నుండుట న్యాయమే. న్యాయము కానిది ఆ గొంతు నొప్పి.

మందు దినములు ఎట్లుండునో అనుభవించినవారికి తెలియును. తెల్లవారుజామున పరగడుపున నాలుగు ఎఱ్ఱని బిళ్ళలు. గంటసేపు ఏమియు తినరాదు. ఆ గంటలో పొరుగింట పోపు వాసన వచ్చినను కడుపు తిరుగును. మూత్రము నారింజ రంగునకు మారును. మొదటి దినమున రక్తమేమో యని భయపడితిని, అది ఆ మందు రంగేనని తరువాత ఆశా కార్యకర్త నవ్వుచు చెప్పెను. మోకాళ్ళు సలుపును, అరికాళ్ళు చీమలు పాకినట్లుండును. మా యింటి గోడమీద నున్న సంఘ క్యాలెండరులో ప్రతి దినము అంకెమీద నా భార్య పెన్సిలుతో గీత పెట్టుచుండెను. ఆ క్యాలెండరులో తేదీ క్రింద దినమునకొక వాక్యము కలదు. నేను వాక్యమును చూచుటకంటె గీతను ఎక్కువగా చూచితినని ఒప్పుకొనుచున్నాను.

పగలంతయు బలహీనముగా నుండి మంచముమీద నుండవలసి వచ్చినప్పుడు, మా నాన్నగారి ట్రంకు పెట్టె దింపించితిని. ఆయన బడిపంతులు. 1986 ఆగస్టులో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగినప్పుడు నాకు ఏడేండ్లు. ఇంటిలోని ధాన్యముకంటె ముందుగా ఆయన ఆ పెట్టెను అటక మీదికి ఎక్కించెను. మా అమ్మ ఆ సంగతి చెప్పి చాలా కాలము దెప్పుచుండెను. పెట్టె అడుగున నీటి మరక ఇప్పటికిని కలదు. అందులో పెద్ద బాలశిక్ష, అట్టలు చినిగిన చందమామలు, యాత్రికుని ప్రయాణము మొదటి భాగము, పిల్లలకొరకు సంక్షేపించిన రాబిన్సన్ క్రూసో కథ, విశాలాంధ్రవారు అమ్మిన మాస్కో అచ్చు బొమ్మల పుస్తకములు రెండు దొరికినవి. సోవియట్ దేశము 1991లో విడిపోయిన తరువాత అట్టి పుస్తకములు మా ప్రక్కకు రాలేదు. ఆ కాగితపు నునుపు, ఆ రంగులు ఎట్టివో చిన్నతనమున తాకినవారికి చెప్పనక్కరలేదు. కాపరి కొడుకైనను కమ్యూనిస్టు కొడుకైనను ఖమ్మము ప్రక్క పిల్లలు అవే బొమ్మలు చూచి పెరిగిరి.

నలువది దాటినవాడు చిన్ననాటి పుస్తకము చదివినప్పుడు సంతోషముతో కూడ కొంత అనుమానము కలుగును. ఇంత చిన్న పుస్తకమా ఇది? నేను చూచిన సముద్రము ఎక్కడ? రాబిన్సన్ కథలో ఓడ పగులుట, మేకలు, గొడుగు, ఇసుకలో పాదపు గుర్తు, అన్నియు నున్నవి. అతనికి జ్వరము వచ్చిన సంగతి రెండు పంక్తులలో ముగిసెను. జ్వరము వచ్చెను, తగ్గెను. అంతే.

సెమినరీలో చదువు దినములలో పూర్తి గ్రంథమును ఇంగ్లీషులో చదివియుంటిని గనుక, ఆ రెండు పంక్తులలో ఏమి పోయినదో నాకు తెలియును. డేనియల్ డీఫో 1719లో ప్రచురించిన ఆ గ్రంథములో జ్వరము చిన్న సంగతి కాదు. రాబిన్సన్ చలిజ్వరముతో దినముల తరబడి వణకి, భయంకరమైన కల కనును. బ్రెజిల్ దేశస్థులు ప్రతి జబ్బునకును పొగాకు వాడుదురని అతనికి జ్ఞాపకము వచ్చును. పొగాకు కొరకు పెట్టె తెరచును. ఆ పెట్టెలోనే, పొగాకు ప్రక్కనే, బైబిలు కూడ నుండును. పొగాకును సారాలో నానబెట్టి త్రాగును; బైబిలు తెరచి 50వ కీర్తన 15వ వచనము చదువును. ఆ రాత్రి జీవితములో మొదటిసారిగా మోకాళ్ళూని ప్రార్థించును. మందు, వాక్యము, రెండును ఒకే పెట్టెలోనుండి వచ్చినవి. పిల్లల కొరకు కథను కుదించినవారు ఆ పెట్టెనే తీసివేసిరి. స్థలము చాలక తీసివేసిరి గాని మోసమునకు కాదు. అయినను మంచముమీద ఆ రెండు పంక్తులు చదివినప్పుడు నాకు కొంత కోపము వచ్చెను. ఆ కోపము కొలది దినములలో నామీదికే తిరుగునని అప్పుడు తెలియదు.

జూన్ నాటికి దగ్గు పోయెను. జ్వరము లేదు, ఆకలి వేయుచున్నది, మూడు కిలోల బరువు పెరిగితిని. రెండు మాసముల తరువాత చేసిన తెమడ పరీక్షలో క్రిమి కనబడలేదు. నాలుగు మందులు మూడైనవి. ఇంకను నాలుగు మాసములు ఎందుకని వైద్యుని అడిగితిని. ఆయన ఓపికతో చెప్పెను. త్వరగా పెరుగు క్రిములు మొదటి వారములలోనే చచ్చును. నిద్రపోవుచున్నట్లు కదలక మెదలక నున్న కొన్ని మిగులును. రోగికి బాగున్నట్లు తోచునది ఆ మిగిలినవి లేచు ముందటి విరామమే. ఒక్క మందుతో పోరాడినచో దానికి లొంగనివి బ్రదికి పెరుగును గనుక మూడు నాలుగు కలిపి ఇత్తురు. నడుమ ఆపినవాడు తన వ్యాధికి బడి పెట్టి చదువు నేర్పినవాడగును.

ఈ సంగతి మన దేశములోనే, మన ప్రక్కనే నేర్చుకొనబడినది. క్షయకు మందు లేని దినములలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవే చికిత్స. అనేక మిషనులు కలిసి మదనపల్లి దగ్గర ఆరోగ్యవరములో 1915లో తెరచిన క్షయ ఆసుపత్రిని మన సంఘములవారు ఎరుగుదురు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారు దానికి మూలపురుషుడు. 1940ల నుండి మందులు వచ్చెను. అప్పుడు మద్రాసులో 1956లో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు ఒక ప్రశ్న వేసిరి. బీదవాడు తన ఇరుకింటిలోనే, తన గంజి త్రాగుచు మందు మింగినచో బాగుపడునా? ఒక గుంపును ఆసుపత్రిలో మంచి భోజనముతోను, మరియొక గుంపును ఇంటిలోను ఉంచి, ఒకే మందులిచ్చి ఒక సంవత్సరము చూచిరి. 1959లో ఫలితము ప్రకటించిరి. రెండు గుంపులును దాదాపు ఒకే రీతిగా బాగుపడిరి. ఇంటివారికి అంటుటయు అధికము కాలేదు. లోకమంతట క్షయ చికిత్స ఆసుపత్రినుండి ఇంటికి మారుటకు ఇది గొప్ప కారణము. అయితే ఇంటిలో నున్న రోగి నిజముగా మింగుచున్నాడో లేదో చూచుటకు వారు చెప్పకుండ ఇండ్లకు పోయి బిళ్ళలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి. మనుష్యుని ఎరిగినవారు వారు.

ఇక నా సంగతి. జూన్ మాసములో ఒక ఆదివారము కృతజ్ఞతార్పణ ఇచ్చి సాక్ష్యము చెప్పితిని. రెండు మాసములు మరణపు నీడలో నుంటిని, మీరు ప్రార్థించితిరి, దేవుడు నన్ను లేపెను, ఈ ప్రసంగ పీఠము నొద్ద మరల నిలువబెట్టెను, అంటిని. ఇందులో ఒక్క మాటయు అబద్ధము కాదు. సంఘమంతయు హల్లెలూయ అనెను. ఒక వృద్ధురాలు లేచి వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చెను. ఆ ఉదయము కూడ నేను పరగడుపున బిళ్ళలు మింగియే వచ్చితిని. బిళ్ళల అట్ట నా చొక్కా జేబులో నుండెను.

నాలుగవ వరుసలో ఒక కోయ సహోదరుడు కూర్చుండియుండెను. ఆయనకును అదే వ్యాధి, అదే మందు. నాకంటె మూడు వారముల తరువాత మొదలుపెట్టెను. ఆయన విషయము ఊరంతటికి తెలియును, నా విషయము ఎవరికిని తెలియదు. ఆయనకు ధైర్యము చెప్పుటకు వారి గూడెమునకు రెండుసార్లు పోయియుంటిని. మందు మానవద్దని చెప్పితిని కూడ. నేనును మింగుచున్నానని మాత్రము చెప్పలేదు.

జూలైలో గోదావరి వచ్చెను. 16వ తేదీన భద్రాచలమునొద్ద 71.3 అడుగులు. మా ఊరివారును ప్రక్క గూడెములవారును బడి భవనములోని శిబిరమునకు చేరితిమి. నేను బిళ్ళల అట్టలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నాన్నగారి పెట్టెలోనుండి మూడు పుస్తకములు తీసి, ఆ సంచితోనే పట్టుకొంటిని. పెట్టెను ఎత్తుటకు నాకు బలము లేదు. ఒక గదిలో నలువదిమంది. తెల్లవారకముందు లేచి, వంట పొయ్యిల వెనుక గోడ చాటున నిలిచి బిళ్ళలు నోట వేసుకొంటిని. వెనుక అడుగుల చప్పుడైనది. ఆ సహోదరుని భార్య బిందెతో నీళ్ళకు వచ్చెను. నా చేతిలోని అట్టను చూచెను.

“అయ్యగారూ, అవి మా ఆయన పారేసిన గోళీలే గదా?”

నేను నోట నీళ్ళు పెట్టుకొనియుంటిని. మింగి, అవునంటిని.

“మీరు గిట్ల మింగుతనే ఉన్నరా?”

“మింగుతున్ననమ్మా.”

ఆమె కోపపడలేదు. కోపపడినచో నాకు కొంత తేలికగా నుండెడిది. “మరి ఆ రోజు గుడిల ఈ మాట చెప్పకపోతిరి,” అనెను. బిందె నింపుకొని పోయెను.

ఆయన సాక్ష్యము విన్న మరుసటి దినముననే మానివేసెనట. కాపరిగారిని లేపిన దేవుడు నన్ను లేపడా, నాకు విశ్వాసము తక్కువా అని భార్యతో అనెనట. అప్పటికి నెల దాటెను. దగ్గు మరల మొదలైయుండెను.

ఆ శిబిరములో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంచిలోనున్న మూడు పుస్తకములలో ఒకటి చందమామ. 1947 జూలైలో మద్రాసునుండి వెలువడ నారంభించిన ఆ పత్రిక ఇప్పుడు రాకపోయినను, అందులోని బేతాళ కథ తెలియని తెలుగువాడు అరుదు. సంఘ పత్రికలో శవము, బేతాళుడు ఎందుకని పెద్దలు అడుగవచ్చును. ఏథెన్సులో పౌలు ఆ ఊరి కవులను ఎత్తి మాటలాడెను గనుక క్షమించుదురుగాక. చిన్నతనమున ఆ కథలో నాకు భయము కలిగించినది శవము కాదు, నియమము. రాజు నోరు విప్పినచో మౌనము చెడి శవము మరల చెట్టెక్కును. జవాబు తెలిసియు చెప్పకపోయినచో తల పగులును. చెప్పినను నష్టమే, చెప్పకున్నను నష్టమే, ఇదేమి న్యాయమని నాన్నగారిని అడిగితిని. ఆయన ఏమనెనో జ్ఞాపకము లేదు. రాజు ప్రతిసారి చెప్పుటనే ఎంచుకొనెను; ప్రతిసారి మరల నడిచి చెట్టునొద్దకు పోయెను. ఆ సంగతి నలువది మూడవ యేట, నలువదిమంది నడుమ, చీకటిలో నాకు తట్టెను.

ఇప్పుడు ప్రశ్నకు వత్తును. నేను అబద్ధమాడితినా?

ఆడలేదని చెప్పుటకు చాలా ఆధారములు కలవు. స్వస్థత యంతయు దేవునిదే. బిళ్ళను చేసినవాని బుద్ధియు, దానిని పుచ్చుకొనిన దేహమును ఆయన సృష్టియే. కృతజ్ఞత కూడికలో మందుల పట్టీ చదువుదురా? భోజనమునకు స్తోత్రము చెప్పువాడు వంటమనిషి పేరు చెప్పడు గదా. అంతేకాక ఆసా రాజు తన పాదముల వ్యాధిలో యెహోవాను వెదకక వైద్యులను వెదకెనని 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయములో నింద కలదు. మా ప్రక్క మందు మానుమని చెప్పు ప్రసంగీకులు ఎత్తు వాక్యమిదే. ఆ నింద వైద్యులను పిలిచినందుకు కాదు, దేవుని విడిచినందుకని నేనే ఎన్నోసార్లు బోధించితిని.

అయితే హిజ్కియా వ్యాధి కథను ఆ శిబిరమునుండి వచ్చిన తరువాత మరల చదివితిని. అది బైబిలులో మూడు చోట్ల కలదు. రాజుల రెండవ గ్రంథము 20వ అధ్యాయములో హిజ్కియా గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించును. దేవుడు పదునైదు సంవత్సరములు ఇచ్చెదనని యెషయా ద్వారా చెప్పును. వెంటనే, ఆ వాగ్దానము ప్రక్కనే, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపుమీద వేయించును. దేవుడు వాగ్దానము చేసిన తరువాత కూడ పట్టు వేసిరి. యెషయా గ్రంథము 38వ అధ్యాయములో అదే కథ. అక్కడ హిజ్కియా వ్రాసిన కృతజ్ఞతా గీతమంతయు ముగిసిన పిమ్మట, 21వ వచనములో, అయ్యో మరచితినే అన్నట్లుగా అంజూరపు ముద్ద వచ్చును. మూడవది దినవృత్తాంతముల రెండవ గ్రంథము 32వ అధ్యాయము 24వ వచనము. అక్కడ వ్యాధి, ప్రార్థన, దేవుని జవాబు, సూచన, అన్నియు ఒక్క వచనములో ముగిసెను. అంజూరము లేదు.

కాబట్టి లేఖనములోనే సంక్షేపమున్నది. దినవృత్తాంతముల గ్రంథకర్త అబద్ధమాడెనని ఎవడును అనడు. మరి నన్నెందుకు నిందించుకొందును?

ఈ ప్రశ్నతో చాలా దినములు తిరిగితిని. నాకు దొరికిన జవాబు ఇది. దినవృత్తాంతములు చదువువాని చేతిలో రాజుల గ్రంథము కూడ నున్నది. అంజూరము కావలసినవాడు పుట త్రిప్పి చూచుకొనును. రాబిన్సన్ కథను కుదించినవారును, పూర్తి గ్రంథము లోకములో నున్నదని తెలిసియే కుదించిరి. నా కథకు పూర్తి గ్రంథము మరియెక్కడను లేదు. నాలుగవ వరుసలో నున్న సహోదరుడు నా వ్యాధిని గూర్చి చదువగలిగిన పుస్తకము నేనొక్కడినే. ఆ పుస్తకములోనుండి ఒక ఆకు చింపివేసితిని. అతనికి పనికివచ్చు ఆకే అది.

ఇంకొక సంగతి దాచకూడదు. స్థలము చాలక నేను మందు మాట విడువలేదు. దేవునికి మహిమ కలుగవలెనని కూడ కాదు. క్షయ యను మాట నా నోట రాకుండుటకు విడిచితిని. నా సిగ్గుకు దేవుని మహిమను దుప్పటిగా కప్పితిని. వంటమనిషి పేరు చెప్పనివాడు సామాన్యుడే. వంటమనిషి కులమును బట్టి సిగ్గుపడి చెప్పనివాడు వేరు. ఈ రెండు మౌనములు బయటికి ఒక్కలాగే వినబడును. లోపల వేరు. వినువాడు ఆ తేడాను ఎరుగలేడు, చెప్పువాడే ఎరుగును.

వరద తీసిన తరువాత మందిరములోని బురద కడిగి, ఆగస్టులో మొదటి ఆరాధన జరిపితిమి. ఆ ఉదయము బిళ్ళలు మింగకుండ ఆరాధనకు తీసికొనిపోయితిని. ప్రసంగమునకు బదులు జరిగినదంతయు చెప్పి, అందరి యెదుట మింగితిని. మునుపటి సాక్ష్యమంత ఆశీర్వాదకరముగా అది జరుగలేదు. హల్లెలూయ ఎవరును అనలేదు. ఒక తల్లి బిడ్డను ఒడిలోనికి లాగుకొనెను. ఆ మాసము ప్రభు భోజనమునకు కొందరు ముందుకు రాలేదు. ఒక సంఘ పెద్ద ఇంటికి వచ్చి, “అయ్యగారూ, దేవుని మహిమలో సగం డాక్టరుకు పంచి ఇచ్చిండ్రు,” అని బాధపడెను. ఆయన మంచివాడు, వరదలో ఆయన పడవయే మమ్మును దాటించెను. అంజూరపు చెట్టు ఎవరిదని నేను అడుగవచ్చును. అడుగలేదు. కొంతకాలమువరకు జవాబులిచ్చు హక్కు నాకు లేదనిపించెను. అయితే ఆ వారమే ఇద్దరు చీకటిపడిన తరువాత మా ఇంటికి వచ్చి, తమకును దగ్గున్నదని చెప్పిరి. ఒకరు ఆ పెద్ద కోడలు.

ఆ సహోదరుని తెమడను మరల పరీక్షించగా, ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుట లేదని తేలెను. నడుమ మానినందువలననే అట్లు మారెనా, మొదటినుండియే అట్టి క్రిమి సోకెనా అని ఇద్దరు వైద్యులను అడిగితిని. ఇద్దరును ఖండితముగా చెప్పలేదు. నాకు మేలు కలుగు జవాబును ఏరుకొనుటకు అవకాశమున్నది గనుకనే ఏరుకొనుట మానితిని. ఆయన మందు పదునెనిమిది మాసములకు పైగా సాగెను. అందులో ఒక మందువలన ఆయన చర్మము నల్లబడెను. కూలికి పోలేక ఇప్పపూవు కాలము రెండుసార్లు దాటిపోయెను. ప్రభుత్వమువారు 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు ఆహారమునకిచ్చుచుండిరి, 2024 నవంబరు నుండి 1000 చేసిరి. ఆయన మందులో నున్న కాలమంతయు 500 మాత్రమే. ఐదుగురున్న ఇంటిలో కోడిగుడ్డు రోగి కంచములోనే పడునని ఎవరు అనుకొందురు?

నా మందు అక్టోబరులో ముగిసెను. నేను వారానికి నాలుగైదు దినములు తెల్లవారుజామున మోటారు సైకిలుపై ఆ గూడెమునకు పోయి, ఆయన మింగువరకు కూర్చుండుచుంటిని. మద్రాసులో బిళ్ళలు లెక్కించినవారి పనియే ఇది. మొదటి వారములు మా యిద్దరికిని మాటలు లేవు. ఆయన నన్ను ఎన్నడును నిందించలేదు, క్షమించితినని కూడ అనలేదు. నేను అడుగలేదు. మౌనము భరింపలేక ఒక దినము పుస్తకము తీసికొనిపోయితిని. ఆయన కూతురు మూడవ తరగతి.

సెమినరీ మిత్రుడొకడు యాత్రికుని ప్రయాణము రెండవ భాగమును నాకు పంపియుండెను. జాన్ బన్యన్ మొదటి భాగము 1678లోను, రెండవది 1684లోను ప్రచురించెను. మా పెట్టెలో మొదటిదే యుండుటచే క్రైస్తవుని భార్యాపిల్లల ప్రయాణమును నేను చిన్నతనమున ఎరుగను. అందులో పెద్ద కుమారుడు మత్తయి దారిలో శత్రువు తోటలోని పండ్లు తిని, కడుపునొప్పితో పడిపోవును. వృద్ధ వైద్యుడు వచ్చి బిళ్ళలు చేసి ఇచ్చును. మూడేసి చొప్పున పరగడుపున మింగవలెను. పిల్లవాడు ఒల్లడు. అప్పుడు తల్లి ఒక బిళ్ళను తన నాలుక కొనకు తాకించి రుచి చూచి, తేనెకంటె తీయగా నున్నదని చెప్పి, వానిచేత మింగించును. బన్యన్ దీనిని క్రీస్తు ప్రాయశ్చిత్తమునకు ఉపమానముగా వ్రాసెను, దానిని నేను మందుల కరపత్రముగా మార్చను. ఆ గుడిసెలో మాత్రము నేను ఆ తల్లి నాలుకనే చూచితిని. ఆమె ముందుగా రుచి చూచెను, పిల్లవాడు చూచుచుండగా.

ఆ భాగము చదివిన దినమున, తండ్రి పరగడుపున చేతిలో బిళ్ళలు పట్టుకొని కూర్చుండియుండగా, ఆ పిల్ల నన్ను అడిగెను.

“ఆ పిలగాని గోళీలు మా నాయనయి లెక్కనే చేదుగుంటయా?”

“వాళ్ళమ్మ తీపున్నయని చెప్పిందమ్మా.”

“నిజంగ నాకి చూసిందా, ఊకనే చెప్పిందా?”

“నిజంగనే నాకింది. పుస్తకంల ఉంది, చూడు.”

ఆ వాక్యముమీద వ్రేలు పెట్టి చూపితిని. ఆమె ఇంకను కూడబలుకుకొని చదువు దశలోనే యున్నది. ఒక్కొక్క అక్షరము పట్టుకొని చివరివరకు చదివెను. పిమ్మట తండ్రి అరచేతిలోనివి ఒకటి, రెండు అని లెక్కపెట్టి, నీళ్ళ చెంబు అందించెను.